"వరస" అనే మాట: జన్యువులకు వరస కలపడం గురించి

డీఎన్‌ఏలో అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి ఉండే తీరును "అనుక్రమం" అని రాస్తున్నాం. తప్పు కాదు. కానీ "వరస" అనే మాట మన నోట్లో ఉండగా దాన్ని పక్కన పెట్టడం నాకు బాధగా ఉంది. (అచ్చులో ఎక్కువగా "వరుస" కనిపిస్తుంది. ఇక్కడ నోటిమాటే వాడుతున్నాను.) పక్కపక్కన పేర్చినదీ వరసే, "నీకు వరసకు ఏమవుతాడు?" అన్నప్పుడు చుట్టరికమూ వరసే. సూక్ష్మజీవుల జీనోములను (ఒక్కో జీవిలోని మొత్తం డీఎన్‌ఏను) కంప్యూటర్‌తో పోల్చి ఏది దేనికి దగ్గరో తేల్చేవాళ్లు, మొదటి వరస నుంచి రెండో వరసను రాబడుతున్నారు. రెండిటికీ మనకు ఒకే మాట ఉంది!

అందుకే అలైన్‌మెంట్‌ను, అంటే రెండు జీవుల డీఎన్‌ఏ అక్షరాలను ఒకదానికొకటి కుదిరేలా పేర్చడాన్ని, "వరస కలపడం" అందామని నా ప్రతిపాదన. ఒక జీవిలో ఏటిజిసిఏ, మరో జీవిలో ఏటిసిఏ ఉన్నాయనుకోండి. మొదటి నుంచి గుడ్డిగా పేర్చితే మూడో అక్షరం దగ్గర నుంచి ఏదీ కుదరదు. రెండోదానిలో టి తర్వాత ఒక ఖాళీ వదలండి, మిగతావన్నీ కుదురుతాయి. అంటే ఒకచోట జి రాలిపోయింది, లేదా ఇంకోచోట కొత్తగా చేరింది. ఆ ఖాళీ తప్పుచోట పడితే, తర్వాత గీసే వంశవృక్షమూ తప్పుతుంది.

వ్యాఖ్య: బాగుంది. కానీ "వరస కలుపుతున్నాడు" అంటే లేని చుట్టరికం అంటగడుతున్నాడనే ఛాయ కూడా ఉంది కదండీ?

జవాబు: ఉందండీ. ఆ ఛాయ ఉండటమే నాకు నచ్చింది. ఏ సంబంధమూ లేని రెండు వరసలను ఇచ్చినా ప్రోగ్రామ్ ఏదో ఒక విధంగా కలిపేస్తుంది. చెట్టు గీయమంటే గీసేస్తుంది కూడా. నాలుగు జీవులకు వేరు (అన్నిటికీ మూలం) ఎక్కడుందో గుర్తించని చెట్లు 3 రకాలుగా గీయవచ్చు, ఐదింటికి 15, పదింటికి 20,27,025. వందల జీనోములుంటే అన్నిటినీ పరీక్షించడం అసాధ్యం. అందుకే 1987లో సైతో, నేయీ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన నైబర్ జాయినింగ్ లాంటి పద్ధతులు దూరాలను బట్టి ఒకే చెట్టును అంచెలంచెలుగా కట్టేస్తాయి. ఆ చెట్టును ఎంతవరకు నమ్మాలి? 1985లో ఫెల్సెన్‌స్టీన్ అనే శాస్త్రవేత్త దీనికి బూట్‌స్ట్రాప్ అనే పద్ధతిని వాడారు. కలిపిన వరసల్లోంచి నిలువు గడులను యాదృచ్ఛికంగా తీస్తూ (ఒకటే గడి మళ్లీ రావచ్చు) కొత్త పట్టికలు చేసి, ప్రతిసారీ చెట్టు గీస్తారు. ఒక కొమ్మ వందలో 95 సార్లు కనిపిస్తే దాన్ని డేటా గట్టిగా బలపరుస్తున్నట్టు. 40 సార్లే వస్తే ఆ చుట్టరికాన్ని గట్టిగా చెప్పకూడదు.

వ్యాఖ్య: మరి బ్యాక్టీరియా ఒకదాని జన్యువులు ఇంకొకటి తీసుకుంటుందంటారే? అప్పుడు వంశవృక్షం అనే మాట నిలుస్తుందా?

జవాబు: ఇది మాటల గురించి ముచ్చటించుకునే మన గుంపుకు బాగా తెలిసిన సమస్యే. "పుస్తకం" తెలుగులో ఉంది, హిందీలో "పుస్తక్" ఉంది. అంతమాత్రాన ఆ రెండు భాషలూ అక్కాచెల్లెళ్లు కావు, రెండూ ఆ మాటను సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నాయి. "మూడు"కు తమిళంలో "మూన్ఱు", కన్నడంలో "మూరు" ఉన్నాయి, ఇవి నిజంగా అక్కాచెల్లెళ్లు. ఇలాంటి మూలపదాలను పోల్చి, మద్రాసులోని ఆంగ్ల అధికారి ఎల్లిస్ 1816లో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని వాదించాడు. సూక్ష్మజీవుల్లోనూ అంతే. మందులకు లొంగకుండా చేసే జన్యువులు ప్లాస్మిడ్‌ల (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్కల) మీద ఒక జాతి నుంచి మరో జాతికి సులువుగా పోతాయి. వాటిని బట్టి చెట్టు గీస్తే పొరుగును చుట్టంగా లెక్కపెట్టినట్టే. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ జన్యువులు అంత తేలిగ్గా చేతులు మారవు. 1977లో వోజ్, ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను పోల్చి, బ్యాక్టీరియా అనుకున్న, మీథేన్ వాయువును తయారుచేసే జీవులు వేరే వంశమని చూపారు. ఆ వంశాన్నే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం.

చేతులు మారిన వాటిని "క్షితిజ సమాంతరంగా బదిలీ అయిన జన్యువులు" అని రాస్తే చదివేవాడికి ఊపిరి ఆడదు. అరువు మాటలు అన్నట్టే "అరువు జన్యువులు" అంటే సరిపోతుంది. ఇక వాటినీ కలిపి గీసినప్పుడు కొమ్మకూ కొమ్మకూ అడ్డగీతలు పడతాయి. దాన్ని చెట్టు అనలేం. "వల" అనడమే నయమనిపిస్తోంది. "అల్లిక" ఇంకా బాగుందనేవాళ్లుంటే చెప్పండి, నాకూ మనసు అటే లాగుతోంది.