గర్భసంచి ఆపరేషన్: మూడు నెలల షుగర్ 9.1 ఉంది. ఆగాలా, చేయించేసుకోవాలా?

తెనాలి టైలరమ్మ
అందరికీ నమస్కారం. నాకు 46. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది, బిళ్లలే, ఇన్సులిన్ లేదు. గర్భసంచిలో గడ్డలున్నాయి, పెద్దది 8 సెంటీమీటర్లని స్కానింగ్‌లో వచ్చింది. ముట్టు మొదలైతే పది రోజులకి తక్కువ ఆగదు, మధ్యలో ముద్దలు ముద్దలుగా పడుతుంది. హిమోగ్లోబిన్ 8.2. హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగర్ సగటు, 9.1. గుంటూరులో చూపించుకున్న డాక్టరమ్మగారు "8 లోపుకి దించుకుని రామ్మా, అప్పుడు చేస్తాను, మూడు నెలలు పట్టొచ్చు" అన్నారు. ఇంకో ఆసుపత్రిలో "అడ్మిట్ అవ్వండి, ఇన్సులిన్ పెట్టి వారంలో చేసేద్దాం, ఆలస్యం చేస్తే క్యాన్సర్‌లోకి దిగొచ్చు" అన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఇలాంటిది చేయించుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగట్టు
అమ్మా, 8 లోపు లేకుండా ఆపరేషన్ బల్ల ఎక్కొద్దు. ఇది నా సొంత అభిప్రాయం కాదండి, అమెరికా డయాబెటిస్ సంఘం వాళ్ల మార్గదర్శకాల్లోనే ఉంది, తొందర లేని ఆపరేషన్లకి వీలైనంతవరకూ 8 లోపు ఉండాలని. మా ఆవిడకి ఇలాగే "ఏం కాదండీ, ఇన్సులిన్‌తో చూసుకుంటాం" అని చేసేశారు. పొట్ట కోసి చేసింది. ఐదో రోజుకి కుట్ల దగ్గర ఎర్రబడింది, తర్వాత చీము పట్టి కుట్లు విడిపోయాయి. పూటకోసారి గాయంలో గాజుగుడ్డ కూరి, మళ్లీ తీసి, మళ్లీ కూరి. ఆ గుడ్డ లాగేటప్పుడు ఆవిడ మంచం పట్టీ పట్టుకుని ఎలా బిగుసుకుపోయేదో నేను చూశాను. షుగర్ ఎక్కువుంటే గాయం మానదు, చీము పడుతుంది. మూడు నెలలు పథ్యం చేస్తే పోయేదేముంది?

వైజాగ్ వాసు
ఫాలో అవుతున్నాను. మా అత్తగారికీ ఇదే సమస్య.

నల్లరేగడి
షుగర్ సంగతి తర్వాత. ముందు అసలు సంచి తీయాల అని ఎవురు తేల్చినారు? మన రాష్ట్రాల్లో ఇది ఆపరేషన్ కాదు, వ్యాపారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో 100కి ముగ్గురు చిల్లరకి సంచి తీసేసి ఉంటే, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైనే. దేశంలో మనమే ముందు. ఆరోగ్యశ్రీ వచ్చినాక ప్రైవేటు ఆసుపత్రులు ఎట్ల ఎగబడినాయో అందరికీ తెలుసు, చివరికి ఈ ఆపరేషన్‌ని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సొచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అనవసరపు ఆపరేషన్లు ఆపేదానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది.

మాయక్కకి 27 ఏండ్లకే తీసేసినారు. తెల్లబట్ట అవుతోందని పోయింది. "పుండు పడింది, క్యాన్సర్ అయితాది" అన్న్యారు. ఇప్పుడు మీకు చెప్పినారే, అదే మాట.

గోదారిగట్టు
ఆవిడ అడిగింది షుగర్ గురించండి. మీరు సుప్రీంకోర్టుకి పోయారు.

రాజమండ్రి రాణి
మెంతులు రాత్రి నానబెట్టి పరగడుపున నీళ్లతో సహా మింగండి. నెలలో షుగర్ దిగుతుంది. గ్యారంటీ.

డాలస్ పిన్ని
అసలు తీయకుండా లోపల హార్మోన్ లూప్ పెట్టించుకోవచ్చు కదా, మిరెనా అని. రక్తస్రావం బాగా తగ్గుతుంది, ఏళ్ల తరబడి పని చేస్తుంది. మీ డాక్టరు ఆ సంగతి చెప్పారా?

తెనాలి టైలరమ్మ
డాలస్ పిన్నిగారూ, అడిగాను. గడ్డ లోపలికి పొడుచుకొచ్చి సంచి ఆకారమే మారిపోయిందట, లూప్ పెట్టినా జారి బయటికొచ్చేస్తుందన్నారు. రక్తం ఆగే బిళ్లలు, హార్మోన్ బిళ్లలు ఏడాదిపైగా వాడాను. వాడినన్నాళ్లు కాస్త తగ్గుతుంది, ఆపగానే మామూలే.

కరీంనగర్ సిస్టర్
అక్కా, నేను చాన ఏండ్ల సంది థియేటర్ల స్టాఫ్ నర్సుగ చేస్తున్న. డాక్టర్ని కాదు, చూసింది చెప్త. రెండు అడుగుత. ఒకటి, 45 దాటినంక ఇట్ల బ్లీడింగ్ అయితుంటె, పైగ షుగర్ ఉంటె, లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాలె. పంపిన్రా? షుగర్, ఒళ్లు ఉన్నోళ్లకు ఆ పొరల క్యాన్సర్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువనే, అందుకే అది చూడకుంట "క్యాన్సర్ అయితది" అన్నా తప్పే, "ఏం కాదు" అన్నా తప్పే. రెండు, సంచితోటి అండాశయాలు కూడ తీస్తమన్నరా?

తెనాలి టైలరమ్మ
ముక్క తీసి పంపారమ్మా, గుంటూరు డాక్టరమ్మగారు. క్యాన్సర్ లేదు, అటువైపు మార్పులు కూడా లేవని వచ్చింది. రెండో ఆసుపత్రివాళ్లకి ఆ కాగితం చూపించినా పక్కన పెట్టేశారు. అండాశయాలు "ఎటూ కోస్తున్నాం కాబట్టి దాంతోపాటే" అన్నారు.

నల్లరేగడి
చూసినారా! కాగితం పక్కన పెట్టి క్యాన్సర్ అని బెదిరిస్తాండారు. ఇంకేం కావల్ల సాక్ష్యం? అండాశయాలు తీసేసినాక మాయక్క ఒళ్లంతా ఆవిర్లు, రాత్రంతా ఫ్యాను కింద కూర్చునేది. 35కే మోకాళ్లు పట్టేసినాయి. కూలికి పోలేకపోయింది. ఆయమ్మ ఆసుపత్రికి కట్టిన అప్పుకి మా నాయన ఎకరం అమ్మినాడు. క్యాన్సర్ లేదని వచ్చినాక ఇంక సంచి ఎందుకు తీయల్ల?

గోదారిగట్టు
క్యాన్సర్ లేదు కాబట్టే తొందర లేదు. తొందర లేదు కాబట్టే 8 లోపు. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే.

పాలకొల్లు పంతులు
మా చెల్లెలికి 10 ఉన్నా చేశారు. ఏం కాలేదు. శుభ్రంగా తిరుగుతోంది.

గోదారిగట్టు
పంతులుగారూ, మీ చెల్లెలికి ఏం కాలేదు కాబట్టి ఎవరికీ ఏం కాదా? మా ఆవిడకి అయింది కదండీ!

కరీంనగర్ సిస్టర్
గట్టు అన్నా, 8 అనేది మంచి లెక్కనే, గానీ అది గీత కాదు. బ్రిటన్‌ల 8.5 అంటరు. ఆపరేషన్ రోజు, ఆ తర్వాత కూడ షుగర్ 100 నుంచి 180 నడుమ నడిపిస్తె చానమట్టుకు గాయం మంచిగనే మానుతది. పొద్దుగాల మొదటి కేసుగ పెట్టిపిచ్చుకోవాలె, ఎక్కువసేపు ఖాళీ కడుపుతోని ఉండకుంట. వాంతులు కాకుండ ఇచ్చే ఒక ఇంజెక్షన్ స్టెరాయిడ్, దాంతోటి ఆ రాత్రి షుగర్ ఎగురుతది. వార్డుల ఎవలన్న చూసుకునేటోళ్లు ఉండాలె. మీ ఇంటామెకు చీము పట్టింది ముందుగాల షుగర్ ఎక్కువ ఉండబట్టి కాదేమో, ఆపరేషన్ అయినంక వార్డుల షుగర్ ఎవలు చూడకనేమో.

అక్కా, ఇంకొకటి. ఈ పరీక్షకు ముందు నీకు రక్తం ఎక్కించిన్రా?

తెనాలి టైలరమ్మ
అవునమ్మా. కళ్లు తిరిగి షాపులో పడిపోతే రెండు సీసాలు ఎక్కించారు. ఆ తర్వాత మూడు వారాలకి ఈ పరీక్ష.

కరీంనగర్ సిస్టర్
అయితె ఆ 9.1 మీద ఇన్ని దినాల సంది కొట్లాడుడు దండగ. ఆ పరీక్ష ఎర్ర కణాలకు ఎంత చక్కెర అంటుకున్నదో చూస్తది. బయటి రక్తం ఎక్కిస్తె, లేకుంటె రక్తం ఎక్కువ పోతుంటె, లెక్క తక్కువ చూపిస్తది. ఐరన్ లేక రక్తం తక్కువైతె ఎక్కువ చూపిస్తది. నీకు రెండూ ఉన్నయి. అసలుది అంతకన్న ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండొచ్చు. ఇంట్ల మిషన్‌తోటి పరగడుపుది, తిన్న రెండు గంటలకు చూసింది రెండు వారాలు రాసి తీస్కపో. ఫ్రక్టోసమైన్ అని ఇంకో పరీక్ష ఉంటది, రెండు మూడు వారాల సంగతి చెప్తది, ఎర్ర కణాలతోని దానికి పని లేదు. చేపియ్యాల్నా అని డాక్టర్‌ని అడుగు.

గోదారిగట్టు
లెక్క నమ్మేలా లేదంటే ఇంకా మంచిదండి, ఇంకా ఆగాలి. తెలియకుండా కోయించుకుంటారా? అమ్మా, అన్నం సగానికి తగ్గించండి, మధ్యాహ్నం రొట్టె, సాయంత్రం నడక. మూడు నెలలు నోరు కట్టుకోలేరా?

తెనాలి టైలరమ్మ
గోదారిగట్టుగారూ, మీరు పెద్దవారు, మీ ఆవిడగారికి జరిగినదానికి బాధగా ఉంది. కానీ నోరు కట్టుకోవడం అన్నారు చూడండి, ఆ మాటకి సమాధానం చెప్పాలి.

నేను కుట్టుమిషన్ మీద కూర్చుని బతికే మనిషిని. స్టూలు మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద పాత చీర మడత వేసుకుని కూర్చుంటాను. నల్ల లంగా తప్ప వేరేది కట్టి ఎన్నాళ్లయిందో. జాకెట్టు కొలతలు తీసుకోవడానికి లేస్తే ముందు వెనక్కి తిరిగి చూసుకోవాలి. సాయంత్రం నడక అన్నారు, నాలుగిళ్లు దాటేసరికి గుండె దడ. పెళ్లిళ్ల రోజుల్లో రెండు రాత్రులు పని ఆపితే ఖాతాదారులు పక్క వీధికి పోతారు. మా ఆయన "ముట్లాగే వయసు దగ్గరికొచ్చిందిగా, కాస్త ఓర్చుకో" అంటాడు. మా అత్తగారు కూడా అదే. మూడు నెలలు మీ లెక్కలో పథ్యం. నా లెక్కలో మూడు ముట్లు, ఇంకో రెండు సీసాల రక్తం.

నల్లరేగడి
అక్కా, మీ కష్టం కాదనను. అయితే ఒగటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దండి. తీయించుకోవాలని మీకు అనిపిస్తాండేది మీ మనసులోదా, ఆ ఆసుపత్రోళ్లు ఎక్కించిందా? మాయక్క కూడా "తీసేస్తే పీడా పోతాది" అనే సంతకం పెట్టింది.

తెనాలి టైలరమ్మ
మీ అక్కని ఎవరూ అడగలేదు. 27 ఏళ్ల పిల్లని భయపెట్టి తీసేశారు, అది దుర్మార్గం. నన్ను అడుగుతున్నారు, నేను చెబుతున్నాను, తీయించుకుంటానని. బిళ్లలు వాడాను, లూప్ గురించి అడిగాను, ముక్క పరీక్ష చేయించాను. ఇన్ని చేశాక కూడా "ఇది నీ మాటేనా" అంటే, ఇంక నేను ఏం చెబితే నా మాట అవుతుందండీ? ఒకళ్లు నా సంచి జోలికి పోవద్దంటారు, ఒకళ్లు నా షుగర్ దిగాకే అంటారు. నాకు రక్తం పోతోందన్న సంగతి మీ ఇద్దరికీ లెక్కలోకి రాదు.

నల్లరేగడి
లెక్కలోకి రాకుండా కాదు. మీలాగ అన్నీ అడిగి చేయించుకునేవాళ్లు నూటికి ఎంతమంది? మిగతావాళ్ల కోసం నేను ఈ మాట అనకపోతే ఇంకెవురంటారు? మీకు నచ్చకపోయినా నేను అనేది అంటాను.

గోదారిగట్టు
నాకు లెక్కలోకి రాకేమండీ. చేయించుకున్న తర్వాత ఆ గాయం కడిగేది ఎవరు అన్నదే నా బాధ. మా ఇంట్లో నేను కడిగాను. మీ ఆయన కడుగుతారా? "ఓర్చుకో" అనే మనిషి గుడ్డ మారుస్తాడా? దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పట్లేదు. మీరు షాపుకి ఎప్పుడు వెళ్తారో ఆలోచిస్తున్నారు, ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, తెలుసా?

తెనాలి టైలరమ్మ
మా చెల్లెలు వస్తుంది, మాట్లాడాను. మా ఆయన సంగతి వదిలేయండి.

అడ్మిన్
మెంతుల గురించిన పదకొండు వ్యాఖ్యలు వంటింటి చిట్కాల విభాగానికి మార్చాం. ఇక్కడ డాక్టర్లను తిట్టేటప్పుడు ఆసుపత్రుల పేర్లు రాయకండి.

కరీంనగర్ సిస్టర్
వారం, మూడు నెలలు, ఈ రెండే దార్లు లేవక్కా. ఐరన్ సెలైన్‌ల ఎక్కిస్తె కొన్ని వారాల్లనే హిమోగ్లోబిన్ లేస్తది. ముట్లు ఆపి గడ్డల్ని కుదించే ఇంజెక్షన్ నెలకొకటి ఇస్తరు, ఆపరేషన్‌కు ముందుగాల. అది పడితె బ్లీడింగ్ ఆగుతది, షుగర్ దించుకునే టైమ్ కూడ దొరుకుతది. బ్లీడింగ్‌తోనే ఆగమని ఎవలు చెప్పిన్రు? గడ్డ కుదిస్తె కెమెరాతోని చేసుడు కూడ అల్కగైతది, పొట్ట మీద పెద్ద కోత ఉండది, చీము భయం గూడ తక్కువ. గుంటూరు డాక్టరమ్మను ఇది అడుగు.

ఇంతకు ఏం బిళ్లలు వాడుతున్నవ్?

తెనాలి టైలరమ్మ
ఇంజెక్షన్ సంగతి ఎవరూ చెప్పలేదు, అడుగుతాను. బిళ్లలు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, ఈ మధ్య డాపాగ్లిఫ్లోజిన్ కలిపారు. ఇన్సులిన్ అంటేనే భయం, ఒకసారి మొదలెడితే జన్మంతా పొడుచుకోవాలంటారుగా.

కరీంనగర్ సిస్టర్
గట్లేం లేదు. ఆపరేషన్ టైమ్‌ల ఇన్సులిన్ పెట్టి, గాయం మానినంక మల్ల బిళ్లల మీదికి వచ్చినోళ్లు చానమంది. భయపడాల్సింది దానికి గాదు, ఆ మూడో బిళ్లకు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తరు. ఆపకుంట ఖాళీ కడుపుతోని పోతె షుగర్ మామూలుగ కనిపిస్తనే ఒంట్లె కీటోన్లు పెరిగి ఆమ్లం చేరుతది. మిషన్ల 170 ఉన్నదని అందరు నిమ్మలంగ ఉంటరు, మనిషి ఆగమైతది. వారంలనే చేస్తమన్నోళ్లు ఈ బిళ్ల గురించి అడిగిన్రా?

తెనాలి టైలరమ్మ
లేదు. "షుగర్ బిళ్లలు వాడుతున్నారా" అన్నారు, అవునంటే రాసుకున్నారు. అంతే.

నల్లరేగడి
ఆ ఆసుపత్రికి పోవద్దండి. ఈ ఒక్క మాట వినండి.

తెనాలి టైలరమ్మ
పోను. సోమవారం గుంటూరే వెళ్తున్నా. రక్తం ఎక్కించాక చేసిన పరీక్ష అని చెబుతా, ఐరన్ సెలైన్, ఆ ఇంజెక్షన్ అడుగుతా, ఇన్సులిన్ పెట్టమన్నా సరేనంటా. తేదీ ఆవిడే చెప్పాలి. అండాశయాలు బాగుంటే ఉంచమంటా.

నల్లరేగడి
నోటిమాట కాదు, సంతకం పెట్టే కాగితంలో రాయించుకోండి. ఏమి తీస్తారు, ఏమి ఉంచుతారు అని. చదివినాకే సంతకం.

గోదారిగట్టు
పొద్దున పరగడుపున ఎంతుందండీ?

తెనాలి టైలరమ్మ
168.

గోదారిగట్టు
ఎక్కువే.