మాగ్నా కార్టాను ‘మహాశాసనం’ అనవచ్చునా?

ఇంగ్లండు రాజు జాన్ 1215 జూన్‌లో థేమ్స్ నది ఒడ్డున రన్నీమీడ్ పచ్చికబయలులో ముద్ర వేయించి ఇచ్చిన మాగ్నా కార్టా అనే హక్కుల పత్రాన్ని ‘మహాశాసనం’ అనడంలో నాకు ‘మహా’ పట్లనే అభ్యంతరం. 1217లో అడవుల మీద రాజాధికారానికి హద్దులు పెడుతూ వేరొక పత్రం వెలువడినప్పుడు, దానికంటే నిడివి ఎక్కువ కనుక దీనిని ‘మాగ్నా’ (లాటిన్‌లో ‘పెద్ద’) అన్నారు. ఆ విశేషణం తొలుత చెప్పినది పరిమాణాన్నే గాని మహిమను కాదు.

‘శాస్’ ధాతువుకు ఆజ్ఞాపించడమనీ శిక్షించడమనీ అర్థాలు ఉన్నందున, రాజును కట్టడి చేసిన పత్రానికి ‘శాసనం’ నప్పదని కొందరంటారు. నేను అంగీకరించలేను. ఆ పత్రం ‘మేమూ మా వారసులూ శాశ్వతంగా ఇచ్చితిమి’ అనే ధోరణిలో సాగుతుంది. ఆచంద్రార్కంగా భూమిని ధారపోసే మన దానశాసనాల ఫణితి అదే కదా! అక్కడ ఇచ్చినది భూమి కాదు, హక్కులు.

రాజు తన చేతిని తానే వెనక్కి తీసుకున్న శాసనం మనకూ ఉంది. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే రన్నీమీడ్ తరువాత సుమారు ముప్పై ఏళ్లకు, మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, తుఫానుకు పగిలి ఒడ్డుకు చేరిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతటినీ పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని దాచకుండా చెప్పి, ప్రాణం కంటే ధనమే మిన్నగా తలచి కడలికి తెగించిన వర్తకుల నుండి నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని మాట ఇచ్చింది. మాగ్నా కార్టా 41వ నిబంధన కూడా వర్తకులు అక్రమ సుంకాల బెడద లేకుండా క్షేమంగా వచ్చిపోవచ్చునని చెబుతుంది. దానిని అభయం అనడానికి నాకు సందేహం లేదు.

అయితే గణపతిదేవుని అభయానికి ఆధారం దయ, కీర్తి, ధర్మం. జాన్ మాట తప్పితే అతని కోటలను, భూములను స్వాధీనపరచుకొనే అధికారాన్ని 61వ నిబంధన 25 మంది సామంతుల చేతికిచ్చింది. 1215 ఆగస్టులోనే పోపు మూడవ ఇన్నోసెంట్ పత్రాన్ని రద్దు చేశాడు. తరువాతి రాజు కాలంలో తిరిగి ప్రకటించిన పాఠాల్లో 61 కనిపించదు. తోటివారి తీర్పు వల్ల గాని దేశన్యాయం వల్ల గాని తప్ప స్వతంత్రుడైన ఏ మనిషినీ చెరపట్టరాదన్న 39వ నిబంధన మాత్రం నిలిచింది. అనువదించేవారు అందులో ‘స్వతంత్రుడైన’ అన్న మాటను దయచేసి విడిచిపెట్టకండి: ప్రభువుల భూములకు కట్టుబడిన రైతులు ఆనాడు ఆ మాటకు వెలుపలే ఉన్నారు.