జురాసిక్ సముద్రపు మొసళ్ళు గుడ్లు పెట్టాయా, పిల్లల్ని కన్నాయా?

తీరవాసి: మా వాడి స్కూల్ క్విజ్‌లో ఈ ప్రశ్నే వచ్చింది, మెట్రియోరింకిడ్ల గురించి, అంటే ఆ సముద్రపు మొసళ్ళలో ఒక కుటుంబం. వాడు గుడ్లని రాస్తే మార్కు కోసేశారు, పిల్లల్నే కనేవట. ఇప్పుడున్న మొసళ్ళలో గానీ వాటి చుట్టాలైన పక్షుల్లో గానీ పిల్లల్ని కనేది ఒక్కటుందా?

శిలాజప్రియ: ఇప్పటివాటితో పోలికేంటండీ? మెట్రియోరింకిడ్ల కాళ్ళు తెడ్లయ్యాయి, వీపు మీది పెంకులు పోయాయి, తోక చివర వెన్నుపూసలు కిందికి వంగి నిలువు రెక్క వచ్చింది. వీటిలో ఒకటైన క్రికోసారస్‌ది అర్జెంటీనాలో దొరికిన పుర్రెలో ఉప్పు బయటికి పంపే గ్రంథుల అచ్చులున్నాయి. అలాంటిది ఒడ్డెక్కి గుంత తవ్విందంటే నమ్మను.

తీరవాసి: తాబేలుకీ తెడ్లేగా. విశాఖ దగ్గర ఆలివ్ రిడ్లే ఒడ్డెక్కడం మా వాడితో కలిసి చూశాను. కాస్త జరగడం, ఆగి గట్టిగా ఊపిరి వదలడం, మళ్ళీ జరగడం. వెనక తెడ్లతో గుంత తవ్వి, గుడ్లు పెట్టి, పూడ్చేసి మరీ వెళ్ళింది.

శిలాజప్రియ: దాని ముందు తెడ్లు ఎంతెంత ఉంటాయి! వీటివి మరీ చిన్నవి, ఒంటిని లాగలేవు. పైగా క్రికోసారస్ కటి భాగం వెడల్పుగా ఉందని, పిల్లల్ని కని ఉండొచ్చని 2017లోనే పేపర్ వచ్చింది.

బండరాయి: టెలియోసార్లూ సముద్రపు మొసళ్ళే, వాటికి కాళ్ళూ కవచమూ ఉన్నాయి. వాటిని ఇందులో కలపకండి.

తీరవాసి: వెడల్పు సరే, కడుపులో పిల్లతో ఉన్న శిలాజం ఏదండీ? చేపల్లా ఉండే సముద్ర సరీసృపాలు ఇక్తియోసార్లకి అలాంటివి జర్మనీలో బోలెడు దొరికాయి.

శిలాజప్రియ: దొరక్కపోతే లేనట్టేనా? మొసళ్ళకి దూరపు చుట్టం డైనోసెఫలోసారస్, దాని కడుపులో పిల్ల ఉన్న చైనా శిలాజం సంగతి 2017లోనే బయటికొచ్చింది. అంతకుముందు ఆ వంశంలో ఇలాంటిది ఎక్కడా కనబడలేదు. మీరు మార్కు కోపంలో ఎముకల్ని చూడట్లేదు.

తీరవాసి: అవును, కోపమే! వాడు ఆ తర్వాత వారం రోజులు డైనోసార్ల పుస్తకం ముట్టుకోలేదు. రేపు పిల్ల శిలాజం దొరికితే నేనే ఒప్పుకుంటాను. పేపర్లో "ఉండొచ్చు" అని ఉందని మీరే అన్నారు, ఆ మాట క్విజ్‌లోకి వచ్చేసరికి ఏమైంది?

శిలాజప్రియ: నేనూ క్విజ్‌లకి ప్రశ్నలు రాస్తాను. "ఉండొచ్చు" అని పెడితే ఏది టిక్ చేయాలో తెలియక పిల్లలు టెన్షన్ పడతారండీ. ఎటువైపు ఎక్కువ ఆధారముంటే అదే జవాబు.

తీరవాసి: ఇదే నేను ఒప్పుకోనిది. ఆ రాత్రి తాబేలు దగ్గర వాడు గంటసేపు ప్రశ్నలే అడిగాడు, సగానికి తెలియదనే చెప్పాను. వాడికేం టెన్షన్ రాలేదు, ఇంకా అడిగాడు.

బండరాయి: క్రికోసారస్ కటి ఎముకల ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా? పక్కనుంచి కాదు, వెనకనుంచి తీసింది.