బ్యాకప్ స్కాన్ మధ్యలో ప్రోగ్రామ్ దానంతటదే మూసుకుపోతోంది

తెనాలి డీటీపీ:
అందరికీ నమస్కారం. మాది డీటీపీ షాపు. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తాం. విండోస్ 10 సిస్టమ్. రాత్రిళ్ళు బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ పెట్టి ఇంటికెళ్తాం. ఈమధ్య ఫైళ్ళు స్కాన్ చేసే దగ్గర అంకె లక్షల్లోకి పెరుగుతూ పోయి, ఉన్నట్టుండి ప్రోగ్రామే మాయమవుతోంది. ఎర్రర్ కూడా చూపించదు. తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాం, యాంటీవైరస్ ఆపి చూశాం. మార్పు లేదు. అసలే పెళ్ళిళ్ళ సీజన్, టెన్షన్‌గా ఉంది.

సర్వీస్ బెంచ్:
ముందు డిస్క్ సంగతి తేల్చుకోండి. విండోస్‌లో వచ్చే ఎర్రర్లు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరవండి. సోర్స్ 'డిస్క్' అని, ఈవెంట్ నంబర్ 7 అని ఎర్రర్లు కనిపిస్తే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్‌లో చదవడానికి వీల్లేని పాడైన చోటు, పడినట్టే. అలా ఉంటే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గొడవ పక్కన పెట్టి, ముఖ్యమైన ఫోల్డర్లు వెంటనే వేరే డిస్క్‌లోకి కాపీ చేసేయండి. డిస్క్‌ని పరీక్షించే చెక్‌డిస్క్ ఆ తర్వాతే. పోయేలా ఉన్న డిస్క్‌ని ముందే గంటల తరబడి చదివిస్తే మిగిలింది కూడా దక్కకపోవచ్చు.

తెనాలి డీటీపీ:
7 ఎక్కడా లేదండి. అప్లికేషన్ లాగ్‌లో మాత్రం 1000 నంబరుతో, అంటే క్రాష్ అయిందని, ఆ బ్యాకప్ ప్రోగ్రామ్ పేరు మళ్ళీ మళ్ళీ ఉంది. ప్రోగ్రామ్ సొంత లాగ్ ఫైల్ కూడా తెరిచి చూశా. ఆఖరి లైన్ విచిత్రంగా ఉంది: సి డ్రైవ్, యూజర్స్, అడ్మిన్, యాప్‌డేటా, లోకల్, అప్లికేషన్ డేటా, అప్లికేషన్ డేటా, అప్లికేషన్ డేటా... లైన్ చివరిదాకా అదే.

పాతకాపు:
జవాబు ఆ లైన్‌లోనే ఉంది. డిస్క్ బాగానే ఉన్నట్టుంది, కంగారు పడకండి.

లోకల్ ఫోల్డర్‌లో ఉండే 'అప్లికేషన్ డేటా' నిజం ఫోల్డర్ కాదు. జంక్షన్ అంటారు, ఒక రకం లింకు. ఎక్స్‌పీ నుంచి విస్టాకి వచ్చినప్పుడు ఫోల్డర్ల పేర్లు మారాయి. పాత పేర్లతో వెతికే ప్రోగ్రాములు ఆగిపోకుండా ఇలాంటి లింకులు పెట్టారు. ఈ లింకు చూపించేది మళ్ళీ లోకల్ ఫోల్డర్‌నే! లోపలికి వెళ్తే లోకల్, అందులో మళ్ళీ అదే లింకు. మీ బ్యాకప్ గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది. ఒక్కో చుట్టుకి పాత్‌లో, అంటే ఫైల్ చిరునామాలో, 17 అక్షరాలు చేరతాయి. మీ యూజర్ పేరుతో లెక్క కడితే 13 చుట్లు దాటగానే విండోస్ పాతకాలపు పరిమితి 260 అక్షరాలు నిండిపోతుంది. అది దాటితే ఏం చేయాలో రాసుకోని ప్రోగ్రాములు కుప్పకూలతాయి. అంకె లక్షల్లోకి ఎందుకు వెళ్ళిందో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది, ఉన్న ఫైళ్ళనే తిప్పి తిప్పి లెక్కపెడుతోంది.

మామూలుగా ఇలా జరగదు. ఆ లింకు లోపల ఏముందో ఎవరూ చూడకుండా, 'ఎవ్రీవన్' పేరు మీద విండోస్ ఒక డినై, అంటే అనుమతి లేదనే నిషేధం, పెట్టి ఉంచుతుంది. మీ దగ్గర అది పోయింది. ఎవరైనా యూజర్ ఫోల్డర్ పర్మిషన్లు మార్చారా?

తెనాలి డీటీపీ:
మార్చారు! పేజ్‌మేకర్ ఫైల్ సేవ్ కాక యాక్సెస్ డినైడ్ అంటుంటే, మా కుర్రాడు వీడియో చూసి అడ్మిన్ ఫోల్డర్ మొత్తానికి ఫుల్ కంట్రోల్ ఇచ్చాడు. కింద 'రీప్లేస్ ఆల్ చైల్డ్' అని ఏదో ఉంటే దానికీ టిక్ పెట్టాడట.

పాతకాపు:
ఆ టిక్కే. లోపల విడిగా పెట్టిన డినైలన్నీ దాంతో తుడిచిపెట్టుకుపోతాయి. ఆ వీడియోలు చేసేవాళ్ళు ఈ ముక్క మాత్రం చెప్పరు.

నమ్మకం కుదరాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో లోకల్ ఫోల్డర్‌లోకి వెళ్ళి, డిర్ కమాండ్‌కి స్లాష్ ఏఎల్ తగిలించి కొట్టండి. జంక్షన్ అని రాసి, ఎక్కడికి చూపిస్తోందో పక్కనే కనిపిస్తుంది. తర్వాత బ్యాకప్ సెట్టింగ్స్‌లో జంక్షన్లు, సింబాలిక్ లింకులు ఫాలో అవ్వాలనే ఆప్షన్ ఉంటే టిక్ తీసేయండి. ఆ ఆప్షన్ లేకపోతే, బ్యాకప్ వదిలేయాల్సినవి రాసే ఎక్స్‌క్లూడ్ లిస్టులో ఆ ఒక్క అప్లికేషన్ డేటాని చేర్చండి. సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటాలో కూడా ఇలాంటిదే ఇంకొకటి ఉంటుంది, పనిలో పనిగా దాన్నీ చేర్చండి.

ఒక్క హెచ్చరిక. లింకు లోపల కనిపించేవి డూప్లికేట్లు కదా అని డిలీట్ కొట్టొద్దు. అవి అసలు ఫైళ్ళే, అక్కడ తీసేస్తే లోకల్‌లోనూ పోతాయి.

సర్వీస్ బెంచ్:
యాప్‌డేటా మొత్తం వదిలేస్తే గొడవే ఉండదు కదా?

పాతకాపు:
ఉండదు గానీ క్రోమ్ బుక్‌మార్కులు, థండర్‌బర్డ్ మెయిల్స్ ఉండేది యాప్‌డేటాలోనే. షాపు మెయిల్స్ పోతే ఎవరిది బాధ్యత? తీరిక దొరికినప్పుడు కొత్త యూజర్ అకౌంట్ చేసుకోండి, అందులో ఈ లింకులు డినైలతో సహా సరిగ్గా వస్తాయి.

తెనాలి డీటీపీ:
ఆ రెండూ ఎక్స్‌క్లూడ్‌లో పెట్టాను. స్కాన్ పూర్తయి కాపీ కూడా మొదలైంది. తెరిచి ఉన్న రెండు పేజ్‌మేకర్ ఫైళ్ళని మాత్రం 'ఇన్ యూజ్' అని వదిలేసింది. అవి మూసేసి మళ్ళీ నడుపుతాను. చాలా థాంక్స్ అండి.