కాలనీ ఇల్లు నాన్న పేరు మీద వచ్చింది, అన్నయ్య తాళం వేసుకున్నాడు, ఏం చెయ్యాలి?

అడిగినవారు: నమస్తే అండి అందరికీ. మాది పోలవరం ముంపు ఊరు, గిరిజనులం కాదు. పాతింట్లో అమ్మా నాన్న, అన్నయ్య వాళ్ళు, నేనూ మా ఆవిడా, ఒకే కప్పు కింద మూడు పొయ్యిలు. సర్వేకి వచ్చిన రోజు నేను పని మీద బయట ఉన్నా, తీరా లిస్టు చూస్తే నాన్న ఒక పీడీఎఫ్ (ప్రాజెక్టు నిర్వాసిత కుటుంబం), అన్నయ్య ఒక పీడీఎఫ్, నా పేరే లేదు. కాలనీలో వాళ్ళకి చెరో ఇల్లు ఇచ్చారు. పోయినేడు నాన్న పోయారు, ఇప్పుడు ఆ ఇంటికి కూడా అన్నయ్యే తాళం వేసుకుని అద్దెకి ఇచ్చుకున్నాడు, అమ్మ మాత్రం నా దగ్గరే, మేమున్నది అద్దె ఇల్లు. సివిల్ కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకో అంటున్నారు అందరూ. వస్తుందా?

జవాబు 1: మీరు రెండు గొడవల్ని ఒకే మూటలో కట్టారు, ముందు వాటిని విడదియ్యండి. నా పేరు లిస్టులో ఎందుకు లేదు అనేది గవర్నమెంటుతో తగువు. నాన్న ఇంట్లో నా వాటా ఏది అనేది అన్నయ్యతో తగువు. మొదటిదానికి సివిల్ కోర్టుకి వెళ్తే టైమూ డబ్బూ దండగ, ఎందుకంటే 2013 భూసేకరణ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కలెక్టరూ, అథారిటీ (ఆ చట్టం కింద తగువులు తేల్చే సంస్థ) తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టుకి అధికారం లేదు, ఇంజంక్షన్, అంటే ఆపమనే ఉత్తర్వు, ఇవ్వడానికి కూడా లేదు, హైకోర్టు రిట్ మాత్రం వెయ్యొచ్చు.

అసలు ఆ చట్టంలో కుటుంబం అంటే ఏంటో చూడండి. మేజర్ అయిన మనిషి, ఆడైనా మగైనా, పెళ్ళయినా కాకపోయినా, వేరే కుటుంబం కిందే లెక్క. ఒకే కప్పు కింద ఉన్నారు కాబట్టి ఒకటే అని ఎవరన్నా అంటే నమ్మకండి. నోటిఫికేషన్ నాటికి మీకు 18 నిండి, ఆ ఊళ్ళోనే ఉంటున్నట్టు చూపించగలిగితే మీ కేసు బలంగానే ఉన్నట్టు. వయసుకి స్కూల్ టీసీ, ఉన్నారనడానికి ఓటర్ లిస్టు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పాత తేదీలవి ఏవున్నా తీసిపెట్టండి. సర్వే నాడు ఊళ్ళో లేకపోవడం వేరు, ఆ ఊరివాడు కాకపోవడం వేరు, అర్జీలో ఈ ముక్క మొదటే రాయండి.

అడిగినవారు: అర్జీ ఎవరికి అండి? ఆర్డీవో ఆఫీసు చుట్టూ ఇప్పటికి నాలుగు సార్లు తిరిగా, చూస్తాం అంటారు అంతే.

జవాబు 1: నోటితో చెప్పి వస్తే అంతే మరి. 64వ సెక్షన్ కింద కలెక్టర్‌కి రాతపూర్వకంగా పెట్టి అథారిటీకి రిఫర్ చెయ్యమని అడగండి, రసీదు తీసుకోకుండా కదలొద్దు. గడువు జాగ్రత్త, అవార్డు (కలెక్టర్ ఇచ్చే పరిహారం ఉత్తర్వు) ఇచ్చినప్పుడు ఎదురుగా ఉంటే ఆరు వారాలు, లేకపోతే నోటీసు అందాక ఆరు వారాలు లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. దాటిపోయినా సరైన కారణం చూపిస్తే ఇంకో ఏడాది లోపు కలెక్టర్ తీసుకోవచ్చు. ఆ ఏడాది కూడా అయిపోయుంటే ఇక రిట్ గురించి లాయర్‌తో మాట్లాడాల్సిందే.

జవాబు 2: అమ్మగారు వితంతువు కదా, ఆవిడకి వేరే ఇల్లు రావాలి, చట్టంలోనే ఉంది.

జవాబు 1: ఉంది కానీ లిస్టు వేసేనాటికి నాన్నగారు బతికే ఉన్నారు కదండీ, నా లెక్కలో అది నిలబడదు. దానికన్నా పట్టా కాగితం బయటికి తియ్యండి. ఆ 2013 చట్టం రెండో షెడ్యూల్లో ఇల్లు భార్యాభర్తల జాయింట్ పేరు మీద ఇవ్వొచ్చని ఉంది, అలా ఇచ్చుంటే సగం అమ్మగారిదే. మిగతా సగం నాన్నగారి స్వంతం అనుకుంటే హిందూ వారసత్వం ప్రకారం అమ్మకీ పిల్లలందరికీ సమానం. అక్కచెల్లెళ్ళు ఉన్నారా?

అడిగినవారు: ఒక చెల్లి, పెళ్ళయిపోయింది.

జవాబు 1: పెళ్ళయినా వాటా వాటానే. అంటే మీ నలుగురికీ ఆ సగంలో నాలుగో వంతు చొప్పున, అమ్మగారికి మొత్తం మీద ఎనిమిదింట ఐదు వంతులు. నాన్న ఒక్కడి పేరే ఉన్నా అమ్మకి నాలుగో వంతు ఖాయం. పాత స్థలం పిత్రార్జితం అంటే మాత్రం లెక్క మారొచ్చు. ఈ పంపకం తగువుకి సివిల్ కోర్టే, అద్దె డబ్బులో వాటా కూడా అందులోనే అడగొచ్చు. కేసు అమ్మగారి పేరుతో కదిపితే ఇంకో లాభం, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే దాని మీద అప్పీలు ఉండదు, అందుకని తొందరపడి సంతకం పెట్టకండి.

జవాబు 3: ఈలోపు అన్నయ్య అమ్మేస్తే? మా కాలనీలో నోటరీ కాగితం మీద అమ్మేసుకుంటున్నారు మరి.

జవాబు 1: కాలనీ ఏజెన్సీలో, అంటే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉంటే 1 ఆఫ్ 70 (అక్కడి భూముల బదలాయింపు మీద చట్టం) ఉంది, అక్కడ గిరిజనేతరుడికి ఎవరు అమ్మినా చెల్లదు. మైదానంలో అయితే అమ్మ చేత లాయర్ నోటీసు ఇప్పించండి, కొనేవాడికి ఆ కబురు తెలిస్తే చాలు, సగం మంది వెనక్కి పోతారు.

అడిగినవారు: పట్టా కాపీ అన్నయ్య దగ్గరే ఉండిపోయింది, ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి సోమవారం అమ్మ చేతే అర్జీ పెట్టిస్తా. కాగితంలో ఎవరి పేర్లు ఉన్నాయో చూసి మళ్ళీ రాస్తానండి.