మూడేళ్ల పాపతో మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారా?

నేనూ మా ఆయనా పన్నెండేళ్లుగా ఏటా ఒకే మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్తున్నాం, పెళ్లికి ముందు నుంచీ. తొమ్మిదేళ్ల బాబుకి అలవాటే. ఈసారి మొదటిసారిగా మూడేళ్ల పాపని కూడా తీసుకెళ్తున్నాం, మూడు రోజులు.

నా టెన్షన్ అంతా దాని చెవుల గురించే. స్టేజి ముందు శబ్దం 100 డెసిబెల్స్ దాకా వెళ్తుంది. ఆ స్థాయిలో పెద్దవాళ్లే రోజుకి పావుగంట మించి ఉండకూడదంటారు. ఇయర్‌ప్లగ్స్ ఇంత చిన్నపిల్లలకి వద్దనుకున్నాం, తీసి నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. చెవుల్ని పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్స్ కొన్నాను. పెట్టిన ఐదు నిమిషాలకే పీకేస్తోంది. మా అన్నయ్య ఫోన్‌లో పాటలు పెట్టి అలవాటు చేయమన్నాడు, రెండు రోజులు పనిచేసింది, మళ్లీ మొదటికొచ్చింది.

మీ పిల్లలకి ఎలా అలవాటు చేశారు? సౌండ్ డెస్క్‌కి (స్టేజికి ఎదురుగా, జనం మధ్యలో సౌండ్ కంట్రోల్ చేసే చోటు) ఇంకా వెనక, స్పీకర్లకి ఎదురుగా కాకుండా ఓ పక్కకి దూరంగా కూర్చుంటే సరిపోతుందా? రాత్రి పెద్ద ప్రోగ్రామ్‌ల టైమ్‌కి పాప నిద్రపోతే ఇయర్‌మఫ్స్‌తోనే పడుకోబెట్టారా, లేక మీలో ఒకరు టెంట్‌కి వెళ్లిపోయారా? పాపని ఇంట్లో వదిలి వెళ్లడం మాకు ఇష్టం లేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.