ఆల్బమ్ కవర్: బీచ్‌లో 40 కుర్చీల వరుస, ఒకటి మండుతూ. కెమెరాలోనే తీయాలంటే?

అలల_అంచు:
మా బ్యాండ్ పాటలు ఎల్‌పీగా, అంటే పెద్ద వినైల్ రికార్డుగా వస్తున్నాయి. కవర్ మీద తడి ఇసుకలో 40 ఇనుప మడత కుర్చీలు దూరం దాకా ఒకే వరుసలో ఉండాలి, వాటిలో ఒకటి మండుతుండాలి. ఫొటోషాప్‌లో ఒకే కుర్చీని నలభైసార్లు అతికించడం ఇష్టం లేదు. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 35 ఎంఎం లెన్స్ ఉన్నాయి. చోటు మన తూర్పు తీరమే. ముందు ఏది చూసుకోవాలి?

నిచ్చెన_ఫ్రేమ్:
కెమెరా ఎత్తు చూసుకోండి. కుర్చీ దాదాపు 0.9 మీటర్లు ఉంటుంది. కెమెరా కూడా అంతే ఎత్తులో ఉంటే అన్నిటి పైఅంచులూ ఆకాశపు గీత మీదే ఆగిపోతాయి, వరుస ఇనుప కుప్పలా కనిపిస్తుంది. 3 మీటర్ల ఎత్తుకు ఎక్కించండి. వరుసకు ఎదురుగా కాదు, 3 మీటర్లు పక్కకు జరగండి.

లెన్స్ లెవెల్‌గా ఉంటే, కవర్ కోసం కత్తిరించుకునే చదరపు ఫ్రేము కింది అంచుకు దాదాపు 9 మీటర్ల దూరంలోని నేల వస్తుంది. కాబట్టి మొదటి కుర్చీ 10 మీటర్ల దగ్గర వేయండి. ముందు 20 కుర్చీలకు 2 మీటర్ల ఎడం, వెనక 20కి 3 మీటర్లు. ఆ తేడా కంటికి తెలియదు, పైగా వెనకవి మరీ ముద్దగా కనపడవు. చివరిది 108 మీటర్ల దగ్గరికి వెళ్తుంది. అచ్చులో మొదటిది 4 సెంటీమీటర్లు, చివరిది 4 మిల్లీమీటర్ల లోపు. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కి చిన్నది చేసి మొదటి కుర్చీ మీద ఫోకస్ పెడితే చాలు, చివరిదాకా స్పష్టంగా వస్తుంది.

ఇసుక_తడి:
పై లెక్కంతా నేల సహకరిస్తేనే. తడి ఇసుకలో ఒక్కో కాలు ఒక్కోలా దిగి వరుస వంకరపోతుంది. ప్రతి కాలి కింద అరచేతంత ప్లైవుడ్ ముక్క పెట్టి పైన ఇసుక కప్పండి. పురికొస లాగి కట్టి, దూరపు చివర నుంచి కెమెరా వైపు వేసుకుంటూ రండి. మోసేవాళ్లు సముద్రం వైపు నుంచే నడవాలి, అడుగుల్ని అల చెరిపేస్తుంది.

ఆటు మొదలయ్యాక పని మొదలుపెట్టండి. మర్నాడు అది దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది, రెండో రోజు కోసం ఇప్పుడే లెక్కేసుకోండి. రెండో రోజు తప్పకుండా ఉంచుకోవాలి. 1987లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్' కవర్‌కి డిజైనర్ స్టార్మ్ థోర్గర్సన్ బృందం ఇంగ్లండ్‌లో డెవన్‌లోని సాంటన్ శాండ్స్ బీచ్‌లో సుమారు 700 ఆసుపత్రి మంచాలు పరిచాక వాన పడింది. అన్నీ ఎత్తేసి, మళ్లీ వచ్చి పరిచారు. ఆ ఫొటోలో దుప్పట్ల ముడతలన్నిటి మీదా ఒకే వెలుగు ఉంటుంది, అతికింపులో అది రాదు.

టెంట్ హౌస్ కుర్చీలైతే ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడగండి, ఉప్పుకి తుప్పు పడుతుంది.

అలల_అంచు:
మంట సంగతి?

నిచ్చెన_ఫ్రేమ్:
పెట్రోలు వద్దే వద్దు, ఆవిరి ఒక్కసారిగా అంటుకుంటుంది. నూలు తాడు కిరోసిన్‌లో తడిపి, పిండి, కుర్చీకి చుట్టి, పొడవాటి గెడతో అంటించండి. పక్కన ఇసుక బకెట్లు, తడి గోనెసంచులు, మంటలు ఆర్పడం తెలిసిన మనిషి ఉండాలి. కుర్చీలో మనిషిని కూర్చోబెట్టే ఆలోచన మాత్రం చేయకండి. పింక్ ఫ్లాయిడ్‌దే 1975 నాటి 'విష్ యు వర్ హియర్' కవర్‌లో ఇద్దరు చేతులు కలుపుతుంటారు, వాళ్లలో మంటలంటుకున్నది అనుభవమున్న స్టంట్‌మన్. అయినా ఎదురుగాలికి మంట ముఖం మీదికొచ్చి మీసం కాలింది. ఇద్దరూ చోట్లు మార్చుకుని తీసి, తర్వాత ఫొటోని తిప్పి వేశారు.

ఎండలో మంట కనపడదు. మబ్బు పట్టినప్పుడు గానీ, పొద్దుగూకే ముందు గానీ తీయండి. షట్టర్ 1/250 కంటే నెమ్మదిస్తే నాలుకలు పోయి పసుపు మచ్చ మిగులుతుంది.

ఇసుక_తడి:
ట్రైపాడ్ కదపకుండా ముందు మంట లేని ఫ్రేము ఒకటి తీసుకోండి. ఆర్పే మనిషి ఫ్రేములోకి వస్తే ఆ భాగం దాంతో పూడ్చుకోవచ్చు. దాన్ని మోసమనుకోవద్దు. పింక్ ఫ్లాయిడ్ 'యానిమల్స్' కవర్‌లో లండన్‌లోని బాటర్సీ పవర్ స్టేషన్ ఫొటో ఒకటి, దాని మీద కలిపిన పంది ఫొటో ఇంకోటి.

ప్రింటర్‌ని కవర్ కొలతల నమూనా (టెంప్లేట్) ముందే అడగండి. 315 మిల్లీమీటర్ల రికార్డు అట్టకి, అచ్చయ్యాక కత్తిరించేసే అంచు (బ్లీడ్) చుట్టూ 3 మిల్లీమీటర్లు కలిపితే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) దాదాపు 3,790 పిక్సెళ్లు కావాలి. మీ చదరపు ఫ్రేములో 4,000 ఉన్నాయి. వంకర సరిచేయడానికి తిప్పితే ఆ మిగులు చటుక్కున పోతుంది, కాబట్టి ఆకాశపు గీతని నిచ్చెన మీదే సరిచూసుకోండి.